మూసిన కోటలో నారి మోత

జనవరి 3, 1998

ముందుగా నా చేతిరాతకి క్షమించాలి. అక్షరాలు వంకరగా వస్తాయి, ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతాయి. నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. ఇది ఎవరూ చదవరని తెలుసు. అయినా కాగితం ముందు కూర్చుంటే ఎవరో ఎదురుగా ఉన్నట్టే ఉంది. సిగ్గేస్తోంది.

ఈ డైరీ పురుగుమందుల కొట్టువాళ్ళు పంచింది. మా చిన్నోడికి ఇస్తే వాడు నా ముందు పడేశాడు. ప్రతి పేజీ పైనా మందు డబ్బా బొమ్మ ఉంది. నా భార్య ఖాదర్‌బీ చూసి, "మనుషులతో రెండు ముక్కలు మాట్లాడవు. కాగితంతో మాట్లాడతావా" అంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా మాటలు కూడా తనే మాట్లాడుతోంది.

జనవరి 5

ఏమీ లేదు. చలి.

జనవరి 9

పని లేదు. మా తాత, మా నాన్న, నేను దూది ఏకి బతికినవాళ్ళం. ఈ ఏడు పత్తిని పచ్చపురుగు తినేసింది. పాత పరుపు విప్పి ఏకి కుట్టమనేవాళ్ళు కూడా తగ్గారు. ఏకే విల్లు చూర్లోనే ఉంది. ఇక దాన్ని దించేది నాటకానికే.

కల్లాల్లో మిరపకాయలు ఎత్తేశాక ఏటా మా ఊళ్ళో 'మూసిన కోట' ఆడతారు. అందులో దయ్యాన్ని నేను. స్టేజీ ఎక్కను. తెర వెనక కూర్చుని కొయ్య గుబ్బతో విల్లు నారి మీద కొడతాను. ఆ మోతే దయ్యం. వేరే ఊళ్ళలో తెల్లబట్టలు కట్టి సాంబ్రాణి పొగ వేస్తారట. అక్కడ పిల్లలు నవ్వుతారు. మా ఊళ్ళో నవ్వరు. నా పేరు బుడే, అందరూ దయ్యం బుడే అంటారు. నాకు బాగానే ఉంటుంది.

జనవరి 17

శివపార్వతి వచ్చింది. మా వీధి చివర సుబ్బరావమ్మ గారి కోడలు. మొన్న కార్తీకంలో ఆ పిల్ల మొగుడు కోటేష్ పత్తి చేలోనే పురుగుమందు తాగి పోయాడు. చంకలో కూతురు హారిక, చేతిలో ఒక దిండు.

"తాతా, ఈ దిండు ఏకి మళ్ళీ కుట్టిపెట్టు."

చేత్తో నొక్కి చూశాను. మెత్తగానే ఉంది. మధ్యలో తలనూనె మరక. "ఇది బానే ఉందమ్మా" అన్నాను.

"బానే ఉంది. ఆయనది."

అరుగు మీద కూర్చుంది. తనే చెప్పింది.

"మా ఇంట్లో ఆయన పేరు ఎత్తకూడదు తాతా. ఫొటో కూడా మా అత్త ట్రంకుపెట్టెలో వేసి తాళం పెట్టింది. మీ నాన్న పేరేంటే అని ఎవరన్నా అడిగితే ఇది నా మొహం చూస్తది. ఈసారి నాటకానికి ఆయన తువాలు పరుస్తా. నువ్వు మోత కొట్టాల. ఊరంతా ఉండగా ఈ పిల్ల వాళ్ళ నాన్న పేరు ఒక్కసారి వినాల. నాకింకేం వద్దు."

చూద్దాంలేమ్మా అన్నాను. చూడటానికి నా చేతిలో ఏముంది. నాటకం నడిపించే బాపయ్య గారు ఒప్పుకోవాలి, వాళ్ళ అత్త ఒప్పుకోవాలి.

జనవరి 18

ఈ తువాళ్ళ సంగతి మా చిన్నోడికి సరిగా తెలియదు. రాసిపెడతాను.

నాటకం రెండో అంకంలో చిన్నరాజుకి, చచ్చిపోయిన అన్న పెద్దరాజు మోత వినిపిస్తుంది. "ఎవరది?" అంటాడు. జవాబు ఉండదు. "కోట తలుపులు వేయండి" అంటాడు. పుస్తకంలో ఉన్నది అంతే. మా నాన్న రోజుల్లో ఒక ఏడు ఆయన చెయ్యి జారి గుబ్బ రెండోసారి నారికి తగిలిందట. రాజు వేషం వేసినాయన కంగారుపడి మళ్ళీ "ఎవరది?" అన్నాడు. జనంలోంచి ఒకావిడ లేచి, "మా పెద్దోడు దొరా, రంగడు" అంది. ఆ ఏడు కలరాలో పోయిన కొడుకు. ఆ రెండో మోత తన కోసమే అనుకుంది. ఎవరూ నవ్వలేదట.

మరుసటి ఏడు నుంచీ, చావు జరిగిన ఇంటివాళ్ళు పోయినవాళ్ళ తువాలో చీరో మడతపెట్టి ముందు చాప మీద పరుస్తున్నారు. ఇంటికొక మోత. రాజు అడుగుతాడు, ఆ ఇంటివాళ్ళు లేచి పేరు చెబుతారు. పేర్లన్నీ అయ్యాకే కోట తలుపులు పడతాయి. చెయ్యి జారితే పుట్టిన ఆచారం ఇది.

జనవరి 24

విల్లు దించి, దిండు విప్పాను. దూది ఉండలు కట్టింది. ఏకుతుంటే ఆ కుర్రాడి తలనూనె వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఖాదర్‌బీ వంట మధ్యలో వచ్చి గుమ్మంలో నిలబడి చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. తను ఏమీ అనకపోవడం అరుదు.

ఫిబ్రవరి 8

బాపయ్య గారి వసారాలో నాటకం పెద్దలు కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గర కూర్చున్నాను. శివపార్వతి వచ్చి మెట్ల కింద నిలబడి అడిగింది.

బాపయ్య గారు కోపపడలేదు. "అమ్మాయ్, నీ బాధ నాకు తెలవదా. కానీ అది దుర్మరణం. రోగమొచ్చి పోయినోళ్ళని పిలిస్తే పేరు విని ఎల్లిపోతారు. ఇట్టాంటోళ్ళని పిలిస్తే ఊరు వదలరు. అయినా చేలల్లో ఈ ఏడు అందరి పరిస్థితీ ఒకటేగా. స్టేజీ మీద వాడి పేరు పలికితే ఇంకో నలుగురికి దారి చూపించినట్టు అవుద్ది."

"పెద్దయ్యా, నాటకంలో పెద్దరాజు ఎట్టా చచ్చాడు?"

బాపయ్య గారు కండువా సర్దుకున్నారు.

"బావిలో దూకేగా. ఏటా ఆయన్ని పిలుస్తున్నారు. ఊరు వదలకుండా ఉన్నాడా?"

వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. బాపయ్య గారు, "అది నాటకమే తల్లీ" అన్నారు.

"ఇదీ నాటకంలోనే పిలవమంటన్నా. ఇంటికి పిలవమన్లా."

ఆ మాటకి జవాబు వచ్చేలోపే సుబ్బరావమ్మ గారు వీధిలోంచి వచ్చింది. "నా కొడుకు పేరు బజార్లో పెట్టబాకండి. అమ్మ ఒకతి ఉందని తలుచుకుంటే వాడు ఆ పని చేసేవాడా. నాకు కొడుకు లేడు. తువాలూ లేదు." పిల్ల రెక్క పట్టుకుని బయల్దేరింది. కోడలు వెనకే వెళ్ళింది.

బాపయ్య గారు నావైపు చూసి, "విన్నావుగా బుడే, ఆ ఇంటికి మోత లేదు" అన్నారు. నేను గుమ్మం ముందు చెప్పులు సర్దుతున్నాను. ఎందుకు సర్దానో తెలియదు. నావి కూడా కాదు.

ఫిబ్రవరి 9

నాకు సంబంధం లేదు. చెప్పిన ఇళ్ళకి కొట్టడం వరకే నా పని.

ఫిబ్రవరి 15

నాకు సంబంధం లేదు గానీ, ఈ నాటకం రాసినాయన గురించి ఆలోచిస్తున్నాను. ఎవరో ఏ ఊరో మా తాతలకే తెలియదు. గొప్పవాడు.

కథ చూడు. చిన్నరాజు అన్న మీద దొంగతనం మోపుతాడు. నిండు సభలో ఆ మాట పడ్డాక అన్న కోట బావిలో దూకుతాడు. దుర్మరణం కాబట్టి పేరు ఎత్తకూడదు, దీపం పెట్టకూడదు అని చిన్నరాజు చాటిస్తాడు. అప్పుడు మోత మొదలవుతుంది. తలుపులు వేయిస్తాడు. మళ్ళీ మోత. కిటికీలు కట్టిస్తాడు. మళ్ళీ. బావి పూడ్పిస్తాడు. పెదనాన్నకి దీపం పెట్టిందని సొంత కూతుర్నే గదిలో పెట్టి గొళ్ళెం వేస్తాడు. గదిలోంచి మోత వస్తుంది. దయ్యం లోపలే ఉంది, తలుపు తీయొద్దంటాడు. నాలుగో రోజుకి మోత ఆగుతుంది. దయ్యం పోయిందని తలుపు తీయిస్తాడు. గుక్కెడు నీళ్ళు లేక చచ్చిపోయిన కూతురు. తలుపు కొట్టింది ఆ పిల్ల.

ఇంత కథలో దయ్యం ఎవర్నీ ఏమీ చేయదు. ఒక్క మాట అనదు. పగ తీర్చుకోమనదు, ఫలానా వాణ్ణి చంపమనదు. వచ్చి నిలబడుతుంది, అంతే. చేసేదంతా భయపడినవాడే చేసుకుంటాడు. దయ్యాన్ని పెట్టి, దాని చేత ఏమీ చేయించకుండా, ఇంత కోటనీ కూల్చాడు ఆయన. నాలాంటి మాట రానివాడికి ఆ వేషం ఇచ్చిపోయాడు.

దయ్యానికి నారి మధ్యలో కొడతాను. కూతురి తలుపు చప్పుడికి నారి చివర, విల్లు కొయ్య దగ్గర కొడతాను. నారి ఒకటే. ఇన్నేళ్ళు కొట్టాను గానీ, రెండూ ఒకే నారి మీద ఎందుకు పెట్టారో ఇవాళ ఆలోచించాను.

ఫిబ్రవరి 27

దిండు కుట్టడం అయింది. ఆ పిల్ల ఇంకా రాలేదు. తీసుకెళ్ళి ఇవ్వొచ్చు. వాళ్ళ అత్త ఉంటుంది.

మార్చి 22

మాబు సాహెబ్ వచ్చాడు. చిన్నరాజు వేషం ఆయనదే. మా ఊరివాడే, ఇప్పుడు మంగళగిరిలో కూతురి దగ్గర ఉండి చేనేత చీరలు అమ్ముకుంటున్నాడు. ఏటా ఈ రోజులకి బస్సు దిగుతాడు.

"ఏరా దయ్యం, బతికే ఉన్నావా?" అన్నాడు గుమ్మంలోంచే.

"దయ్యానికి చావేందన్నా" అని లోపల్నుంచి ఖాదర్‌బీ అంది. "నోరు ఎప్పుడో పోయింది. మనిషి మిగిలాడు."

పప్పుచారు, గోంగూర పచ్చడి తిన్నాడు. బాగా చిక్కాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందట. వచ్చే ఏడు వేరేవాళ్ళని చూసుకోమని బాపయ్య గారితో చెప్పాడట.

సాయంత్రం కల్లంలో రిహార్సలు. మూడో అంకంలో, గదిలో మోత విని చిన్నరాజు తలుపు దగ్గరికి వెళ్ళే చోటు. వేరే ఊళ్ళ రాజులు అక్కడ కత్తి దూసి అరుస్తారు, చప్పట్లు పడతాయి. మాబు అరవడు. చెవి తలుపుకి ఆనిస్తాడు. లోపల సొంత కూతురు కొట్టుకుంటోంది. మనకి తెలుసు, ఆయనకి తెలియదు. మెల్లిగా, బతిమాలుతున్నట్టు, "అన్నా, ఇక చాలు" అంటాడు. ఆ మాట అన్నాక నేను కొట్టవలసిన దెబ్బ ఇంకొకటి ఉంటుంది. ఏటా ఆ దెబ్బకి చెయ్యి లేవదు. కల్లంలో కారం ఘాటు, కళ్ళు మండాయి అని చెబుతాను. అందరూ అదే చెబుతారు. మా ఊళ్ళో నాటకం కల్లంలో పెట్టింది అందుకేనేమో.

మార్చి 23

మాబుతో కోటేష్ సంగతి చెప్పలేదు. చెప్పడానికి ఏముంది.

మార్చి 29

ఖాదర్‌బీ బావి దగ్గర విని వచ్చింది. నాటకం రోజు శివపార్వతిని పిల్లతో సహా పుట్టింటికి పంపించేస్తానని సుబ్బరావమ్మ గారు అందట. ఆ పిల్ల పోనందట. మూడు రోజులుగా అత్తాకోడళ్ళు మాట్లాడుకోవడం లేదు.

"చచ్చినోడి సంగతి మీ మగోళ్ళు తేల్చుకోండి. బతికున్న పిల్ల సంగతేంది? మొన్న ఇంత అన్నం కలిపి పెట్టి తిను అంటే, నోట్లోకి పోవట్లేదు అవ్వా అంది. చేతులు చూస్తే పుల్లల్లా ఉన్నాయి" అంది.

"నేనేం చేస్తాను" అన్నాను.

"నువ్వేం చేస్తావు. నువ్వు దయ్యానివి" అని చెంబు తీసుకుని వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 10

మళ్ళీ విల్లు దించి కొత్త నారి కట్టాను. గుబ్బకి గుడ్డ చుట్టాను. చెయ్యి జారకుండా.

ఏప్రిల్ 12

ఇవాళే నాటకం. బాపయ్య గారు వచ్చి ఏ ఇళ్ళకి మోత కొట్టాలో చెప్పి వెళ్ళారు. అయిదు ఇళ్ళు. సరే అన్నాను.

ఏప్రిల్ 13

జరిగింది జరిగినట్టు రాస్తాను.

దీపాలు పెట్టే వేళకే కల్లం నిండింది. తెర వెనక నేను కూర్చునే చోట ఒక చిరుగు ఉంది. అందులోంచి రాజు కనిపిస్తాడు, జనం కనపడరు. శివపార్వతి వచ్చిందని, తువాలు లేకుండా గట్టు మీద పిల్లని పెట్టుకుని నిలబడిందని, ఆడవాళ్ళ వైపు నుంచి ఖాదర్‌బీ వచ్చి చెప్పిపోయింది. అత్త కూడా వచ్చింది. ఆ పిల్ల నోరు తెరిస్తే లాక్కుపోవడానికే వచ్చిందట.

రెండో అంకం. ఒక మోత. "ఎవరది?" "మా అమ్మ, అచ్చమ్మ." రెండో మోత. "ఎవరది?" అలా అయిదు ఇళ్ళూ అయ్యాయి. మాబు "కోట తలుపులు" అనడానికి చెయ్యి ఎత్తాడు.

అక్కడ చెయ్యి జారింది.

పై వాక్యం అబద్ధం. జారలేదు. గుబ్బ ఎత్తి నారి మధ్యలో కొట్టాను. మిగతా అయిదింటి కంటే గట్టిగా కొట్టాను.

అందరూ లెక్కపెట్టుకుంటూనే ఉన్నారు కాబట్టి అందరికీ తెలుసు. నా పక్కన పుస్తకం పట్టుకుని మాటలు అందించే కుర్రాడు నన్ను చూసి నోరు తెరిచాడు. మాబుకి ఏమీ తెలియదు. అయినా ఎత్తిన చెయ్యి మెల్లిగా దించాడు. "ఎవరది?" అన్నాడు.

గట్టు వైపు నుంచి "మా" అని ఒక ఆడగొంతు లేచి ఆగిపోయింది. శివపార్వతి గొంతే. మిగతాది రాలేదు. ఇన్ని నెలలు పట్టుబట్టిన పిల్లకి ఆ వేళకి మాట రాలేదు. మాట రాకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"ఆపండి" అని బాపయ్య గారు పక్కనుంచి మెల్లిగా అన్నారు. పుస్తకం కుర్రాడు "కోట తలుపులు వేయండి" అని అందించాడు. మాబు అందుకోలేదు. ఒక అడుగు ముందుకి వేశాడు. పుస్తకంలో లేదు, ఎప్పుడూ చేయలేదు. "నిన్నే అడుగుతున్నా. ఎవరది?" అన్నాడు. రాజు అడిగినట్టు లేదు. తలుపు తీయబోయేవాడు అడిగినట్టు ఉంది.

అప్పుడు ఒక గొంతు వచ్చింది. ముసలిగొంతు, బొంగురుగా. ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు.

"నా కొడుకు. కోటేషు."

సుబ్బరావమ్మ గారు. పిల్లకి చెబుతున్నట్టు, "మీ నాన్నేనే. కోటేష్" అని మళ్ళీ అంది.

పుస్తకం కుర్రాడు అందించడం మానేశాడు. మాబు చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తలుపులు వేయకపోతే కథ నడవదు. చివరికి ఆ మాట అన్నాడు. ఎంత మెల్లిగా అన్నాడంటే, తలుపులు వేస్తున్నందుకు క్షమించమన్నట్టు అన్నాడు. మూడో అంకంలో కూతురి చప్పుడు నేను ఎలా కొట్టానో గుర్తులేదు.

నాటకం అయ్యాక బాపయ్య గారు తెర వెనక్కి వచ్చారు. తిడతారనుకున్నాను. నా విల్లు చూసి, నన్ను చూసి, "కారం ఎక్కువగా ఉంది ఈ ఏడు కల్లంలో" అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

మాబు తెల్లారి మొదటి బస్సుకే వెళ్ళిపోయాడు. కూతురు రమ్మని కబురు పెట్టిందట. మాట్లాడుకోవడానికి కుదరలేదు.

ఏప్రిల్ 16

శివపార్వతి దిండు కోసం వచ్చింది. వెంట వాళ్ళ అత్త కూడా వచ్చింది. దిండు ముందు అత్తే అందుకుంది. మొహానికి దగ్గరగా పెట్టుకుని వాసన చూసింది.

"ఏకితే పోయిందా అన్నా?" అని నన్ను అడిగింది.

"పోలేదమ్మా. గుడ్డ పాతదే వేశాను" అన్నాను.

హారిక అరుగు ఎక్కి, "తాతా, మా నాన్న పేరు నువ్వు కొట్టావంటగా. ఇంకోసారి కొట్టవా" అంది. శివపార్వతి కోప్పడబోయింది. అత్త, "అడగనియ్యవే" అంది.

కొట్టాను.

ఏప్రిల్ 20

మాబుకి ఉత్తరం రాయాలి. ముందు ఇందులో రాసుకుని, తర్వాత ఇన్‌లాండు కవరు మీద ఎత్తి రాస్తాను.

అన్నా మాబూ,

క్షేమం. ఖాదర్‌బీ నీ ఆయాసానికి ఏదో కషాయం చెప్పింది, అది వేరే రాస్తాను. నీకు చెప్పకుండా మోత కొట్టాను. నువ్వు తలుపులు వేయకుండా నిలబడ్డావు. నలభై ఏళ్ళుగా నీ వెనక కూర్చున్నాను గానీ నువ్వు ఇంత గొప్పవాడివని ఆ రోజే తెలిసింది. ఎదురుగా చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

ఒక్కటి అడగాలి. సుబ్బరావమ్మ గారు రెండోసారి పేరు చెప్పాక నా నారి పలికింది. సన్నగా, తుమ్మెద వెళ్ళినట్టు. గుబ్బ కింద ఉంది. నా చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. పక్కన గట్టిగా అరిస్తే నారి పలుకుతుంది, అది నాకు తెలుసు. ఆమె గట్టిగా అనలేదు. గాలి లేదు.

నా చెవులు ముసలివి, నాకే అనిపించిందేమో అనుకుందును. కానీ మోత వినపడితే నువ్వు ఉలిక్కిపడవు. తెలిసినవాళ్ళు గుమ్మంలోకి వచ్చినట్టు ఒక పక్కకి తల తిప్పుతావు. తెర చిరుగులోంచి ఏటా చూస్తాను. అప్పుడు నువ్వు అలాగే తల తిప్పావు. నేను కొట్టలేదు.

ఆ పిల్లకీ వాళ్ళ అత్తకీ చెప్పాలా వద్దా తేల్చుకోలేకపోతున్నాను. నీకు కూడా వినపడి ఉంటే చెబుతాను. లేకపోతే నాలోనే ఉంచుకుంటాను. నాటకం అయ్యాక నారి సడలించి విల్లు చూర్లో పెట్టడం నా అలవాటు. ఈసారి పెట్టలేదు. బిగించే ఉంచాను. నీకు వినపడిందా లేదా, అదొక్కటి రాయి చాలు. తొందరగా రాయి.